మట్టిమిద్దె, సెంటు జాగా

(మాచాని సోమప్పను స్మరిస్తూ చేసిన ఉపన్యాస పాఠం)

సోమప్పను తలచుకునే చోట చేనేత మాట రాకుండా ఉండదు. ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం 1938లో పుట్టింది. దాన్ని నిలబెట్టిన మాచాని సోమప్పకు 1954లో పద్మశ్రీ వచ్చింది. సంఘం నేసిన బట్ట గురించి ఇప్పటికే చాలామంది చెప్పారు. ఈ ఉపన్యాసం మగ్గం మీదున్న బట్టను పక్కనపెట్టి మగ్గం కిందికి చూస్తుంది.

కింద ఉన్నది గుంట. గుంటమగ్గం నేసే మనిషి నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుంటాడు. తొక్కుడు పలకలు ఆ గుంటలోనే ఉంటాయి. మట్టినేల చెమ్మ నూలు పొడిబారి తెగిపోకుండా కాస్తుంది. మగ్గానికి పొడుగాటి గది కావాలి, పడుగు సాచుకోవడానికి బయట నిడుపాటి వీధి కావాలి. నేతగానికి ఇల్లు వేరు, కార్ఖానా వేరు కావు. పాత ఇల్లు పాడయిందని అతనికి నాలుగంతస్తుల భవనంలో రెండో అంతస్తు మీద ఫ్లాటు ఇస్తే, స్లాబులో గుంట తవ్వేదెట్లా?

ఈ ప్రశ్న నేతపేట దగ్గర ఆగేది కాదు. కొత్త ఇళ్లు కావాలి, అందులో వాదన లేదు. పాతవి నిలవాలి, అన్నప్పుడు చప్పట్లకూ కొదవ లేదు. ఒకే జాగా మీద రెండూ తగులుకున్నప్పుడు మాత్రం నోరు విప్పేవాళ్లు తక్కువ. పాతవి అనగానే కోటలు, గుళ్లు, మసీదులు కళ్ల ముందుకొస్తాయి. పశ్చిమ కర్నూలులోని కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు సీమలో వాటికంటే వేగంగా మాయమవుతున్నది మట్టిమిద్దె.

మిద్దె అంటే రాయలసీమకు వివరించక్కర్లేదు గానీ, ఈ తరం పిల్లలకు చెప్పాల్సిన రోజులొచ్చాయి. రెండడుగులో, అంతకంటే ఎక్కువో మందం ఉన్న రాతిగోడ. రాయికీ రాయికీ నడుమ అడుసు. గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటి మీద కట్టెలు, ఆకు, ఆపైన మట్టి, అన్నిటి మీదా చౌడు. పైరుకు పనికిరాని ఆ చౌటిమన్నే వాన నీటిని లోపలికి దిగనీయదు. నడుమ గవాచి. దాంట్లోంచి వెలుగు దిగుతుంది, పొగ ఎక్కుతుంది. వాననీళ్లు వీధిలోకి జారడానికి దోనె. గోడల్లో దీపానికో గూడు, దేవునికో గూడు. ముందర అరుగు, లోపల పశువులను కట్టే చోటు, జొన్నలు దాచే పాతర. ఎండాకాలం రాత్రుళ్లు పడక మిద్దె మీదే. పగలు అక్కడే మిరపకాయలు ఎండేవి. మిద్దెకు మిద్దె ఆనుకొని ఉంటుంది కాబట్టి ఆ కొసనున్న చుట్టాలింటికి పైనుంచే నడిచిపోవచ్చు.

ఇందులో ఏ వస్తువూ నాలుగు కోసుల అవతలి నుంచి వచ్చింది కాదు. రాయి కొండది, మన్ను వంకది, దూలం చేని గట్టు మీది వేపది. నలభై డిగ్రీలు దాటే ఎండలో ఆ మందపు గోడ చల్లగా ఉండటం, పలచని స్లాబు సాయంత్రానికి పెనంలా కాలడం రెండిట్లోనూ బతికినవాళ్లకు తెలిసినదే. అయితే ఈ చల్లదనం ఊరికే రాదు. ఏటా వానలకు ముందు మిద్దెకు చౌడు పోయాలి, తొక్కాలి, దోనె దారి సరిచెయ్యాలి. రెండేళ్లు మరిస్తే ఉరుస్తుంది. ఐదేళ్లు మరిస్తే దూలం పుచ్చుతుంది. ఆ తర్వాత ఒక ముసురు చాలు.

ఇక ఘనమైన పాతవాటి సంగతి. ఆదోని కోట విజయనగరం వారి గట్టి దుర్గాల్లో ఒకటి. 1565 రక్కసి తంగడి యుద్ధం తర్వాత కొద్ది ఏళ్లకే బీజాపూరు వారి చేతిలోకి పోయింది. ఆ వంశం చివరి రోజుల్లో ఇక్కడ పాలించిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామా మసీదును దక్కనులో చూడదగ్గ కట్టడాల్లో లెక్కిస్తారు. 1786లో టిప్పు సుల్తాన్ కోటను ముట్టడించి పట్టుకున్నాడు. 1800లో దత్త మండలాలతో పాటు ఆదోని కుంపిణీ వారిదయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ తాలూకా బళ్లారి జిల్లాలోది. అందుకే దీని పాత చరిత్ర కావాలంటే 1872 నాటి కెల్సాల్ బళ్లారి మాన్యువల్, 1904 నాటి ఫ్రాన్సిస్ బళ్లారి గెజిటీరు తిరగెయ్యాలి. కోటలు, మసీదులు, గుళ్లు ఇలా కాగితం మీదికెక్కాయి. కాగితం మీదికి ఎక్కినదాన్ని కాపాడమని అడిగే దారి ఎక్కడో ఒకచోట ఉంటుంది. మిద్దెకు కాగితమే లేదు.

చట్టం చూపు కూడా కట్టడం మీదే. 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. కేంద్రం రక్షించే కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త కట్టుబడి నిషేధం, ఆపైన మరో రెండు వందల మీటర్ల దాకా అనుమతి ఉంటేనే పని. ఉద్దేశం మంచిదే. గోల్కొండ కోట గోడల లోపల తరాలుగా కాపురముంటున్నవాళ్లను అడిగితే రెండో సంగతి తెలుస్తుంది. పెళ్లయిన కొడుక్కి ఒక గది వేద్దామన్నా, మరుగుదొడ్డి కట్టుకుందామన్నా కాగితం కోసం తిరగాలి. కోటను కాచే గీత మనుషుల ఇంటి మధ్యలోంచి పోతుంది. కట్టడానికి గీత గీసిన చట్టం, ఆ కట్టడం చుట్టూ బతికే ఊరికి ఏం చెయ్యాలో చెప్పలేదు.

ఇదే తేడా శ్రీశైలం ప్రాజెక్టు కాలంలో మరీ స్పష్టంగా కనిపించింది. నీళ్లు రాకముందే కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ గుర్తు పెట్టి విప్పి, అలంపురానికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. గొప్ప పని. 1981 నాటికి అదే నీళ్లు ఊళ్లకు ఊళ్లను ముంచాయి. లక్షకు పైగా జనం కదిలారు. ఆ ఊళ్ల మిద్దెల్లో ఒక్కదానికైనా ఎవరూ గుర్తులు వెయ్యలేదు. గుడికి అంకెలు, ఇంటికి పరిహారం. లోకం తీరే అది అని సరిపెట్టుకోవచ్చు. కానీ రాయలసీమ మనిషి ఎట్లా బతికాడో చెప్పే సాక్ష్యం గుడికంటే ఇంట్లోనే ఎక్కువ.

ఇప్పుడు కొత్త ఇళ్ల వైపు. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. అప్పటినుంచి ప్రతి ప్రభుత్వమూ తన పేరుతో ఒక కాలనీ కట్టింది. ఇందిరమ్మ ఇళ్లొచ్చాయి. 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. పట్టణాల్లో టిడ్కో వారి జీ ప్లస్ త్రీ భవనాలొచ్చాయి. అందులో ఫ్లాట్లు 300, 365, 430 చదరపుటడుగులవి. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా ముప్పై లక్షల మందికి ఇళ్లజాగాల పట్టాలివ్వడం మొదలుపెట్టారు. పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు. సెంటు అంటే 48 చదరపు గజాల పైచిలుకు. అందులో 340 చదరపుటడుగుల ఇల్లు.

అంత జాగా ఒక్కచోట దొరకాలంటే ఊరి బయటికే పోవాలి. పోయారు. చాలాచోట్ల పునాదులు లేచి అక్కడే ఆగాయి. కట్టినచోట కూడా నీళ్లు, దారి, బడి తర్వాతి మాటయ్యాయి. ఇదంతా జరుగుతున్నప్పుడు ఊరి నడుమ మిద్దెలకు తాళాలు పడుతూ వచ్చాయి. ఊరి చివర పునాదులు, ఊరి నడుమ తాళాలు. పశ్చిమ కర్నూలు పల్లెల్లో ఏ బస్సు దిగినా కనిపించే దృశ్యమిది.

దీని వెనక దురుద్దేశం ఏమీ లేదు, లెక్క ఉంది. పల్లెల పథకంలో డబ్బు రావాలంటే పక్కా ఇల్లు ఉండకూడదు. మట్టికప్పు ఉంటే అది కచ్చా. అంటే తాత కట్టిన మిద్దె చెక్కుచెదరకుండా ఉన్నా లెక్కల్లో అది ఇల్లు కానట్టే. మైదాన ప్రాంతంలో పల్లె ఇంటికి కేంద్ర పథకం 1 లక్షా 20 వేలు పెట్టింది. అదంతా కొత్త గోడలకే. పట్టణ పథకంలో ఉన్న ఇంటిని పెంచుకోవడానికి ఒక వెసులుబాటు ఉండేది గానీ, దాన్నీ గది కలపడానికే రాశారు. పుచ్చిన దూలం మార్చడానికి, ఉరిసే మిద్దెకు చౌడు పోయడానికి డబ్బిచ్చే గడి ఆ ఫారంలో లేదు. పాతదాన్ని పడగొడితే బిల్లు వస్తుంది, నిలబెడితే రాదు. ఈ లెక్క ముందు ఏ రైతైనా ఏం చేస్తాడు?

ఇక్కడ ఒక పక్షమే వినిపిస్తే అన్యాయం. ఊరి నడుమ ఉన్న అందమైన మిద్దెలు ఎవరివి? ఎక్కువగా రెడ్లవి, కరణాలవి, కోమట్లవి. చెక్కిన వాకిళ్లూ టేకు స్తంభాలూ ఉన్న ఆ నడవల్లోకి ఊళ్లో సగంమంది అడుగుపెట్టే హక్కు లేక బయటే నిలబడిన రోజులు ఎంతో దూరంలో లేవు. మాదిగపల్లెలో, బోయగేరిలో చాలామందికి ఉన్నది బోదకొట్టం. అగ్గిపుల్లకు బూడిదయ్యేది. ఆ కొట్టం స్థానంలో మొదటిసారి స్లాబు వేసుకున్న కుటుంబానికి కాలనీ ఇల్లు అనేది చరిత్రను పోగొట్టుకోవడం కాదు, చరిత్రలోకి ఎక్కడం. ఆ స్లాబు కూడా ఊరి చరిత్రే. ఇంకో వందేళ్లకు ఎవరైనా ఈ సీమ ఇళ్ల కథ రాస్తే అందులో కాలనీ అధ్యాయం పెద్దదే అవుతుంది. పైగా మట్టిమిద్దె ఇంటికి పిల్లనివ్వరు. ఇంట్లో మరుగుదొడ్డి లేదంటే కోడలు రాదు. వీటిని చిన్న సంగతులని కొట్టెయ్యడానికి వీల్లేదు.

ప్రాణభయం కూడా ఉంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి దగ్గర భూమి కంపించింది. వినాయక నిమజ్జనాలు ముగించుకొని జనం నిద్రలో ఉన్నారు. దాదాపు ఎనిమిది వేలమంది చచ్చిపోయారు. భూకంపం మరీ పెద్దదేమీ కాదు. చంపింది ఇళ్లు. అడుసుతో కట్టిన మందపాటి రాతిగోడలు, వాటి మీద ఏళ్ల తరబడి పోసుకుంటూ పోయిన మట్టి బరువు. ఆ ఇళ్లకూ ఇక్కడి మిద్దెలకూ పోలిక చాలా దగ్గర. ఇంజనీర్లు శిథిలాలు చూసి చెప్పినదేమంటే, గోడ వెలుపలి వరుస, లోపలి వరుస విడివిడిగా లేచాయి. ఈ పక్కనుంచి ఆ పక్కకు అందే పొడుగు రాళ్లు లేక గోడ రెండుగా చీలిపోయింది. అక్కడ 52 ఊళ్లను కొత్తచోటికి తరలించారు. దెబ్బ తక్కువ తగిలిన ఊళ్లలో ఇళ్లు పడగొట్టకుండా పైబరువు తగ్గించి, గోడలు బిగించుకోవడానికి కూడా సర్కారు డబ్బిచ్చింది. ఆ రెండో సగం మాట ఇక్కడిదాకా రాలేదు. ముసురు పట్టినప్పుడు మిద్దె కూలి మనుషులు పోయారన్న వార్త వస్తే, అది మట్టి నేరమని తీర్పు అయిపోతుంది. నాలుగేళ్లుగా చౌడు పడని సంగతి వార్తలో ఉండదు.

చౌడు ఎందుకు పడలేదు? పోసేవాళ్లు ఊళ్లో లేరు గనుక.

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల్లో వలసకు పెట్టుకున్న పేరు సుగ్గి. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం. ఇక్కడ అది చేలో కోతకు కాక ఊరు విడవడానికి పేరయింది. ఖరీఫు చేతికొచ్చినా రాకపోయినా, ఆ తర్వాత కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరపచేలకు, హైదరాబాదు, బెంగళూరు, ముంబయి నగరాల కట్టుబడి పనులకు కదులుతాయి. కోసిగి రైల్వేస్టేషన్ మద్రాసు, ముంబయి లైన్లో ఉండటం దీనికి బాగా కలిసొచ్చింది. బెంగళూరులో లేచిన అపార్టుమెంట్లలో కోసిగి మనుషుల చెమట ఉంది. కడ్డీ వంచడం, సెంట్రింగు కొట్టడం, స్లాబు పోయడం తెలిసిన యువకుడు ఈ మండలంలో ప్రతి వీధిలోనూ ఉంటాడు. సొంత మిద్దె మీద చౌడు ఎంత మందాన పోయాలో అతనికి తెలియదు. తెలిసిన తాతకు మెట్లెక్కే ఓపిక లేదు. ఉగాదికి బండి దిగి తాళం తీస్తే గవాచి కింద మట్టి కుప్ప. అప్పుడతను మూడు నెలల కూలి డబ్బుతో చేసే పని ఒక్కటే. పడగొట్టి పిల్లర్లు లేపడం.

పడగొట్టిన మిద్దె దూలాలు, ద్వారబంధాలు ఎక్కడికి పోతాయి? పాత కలప వ్యాపారి లారీ ఎక్కుతాయి. పట్నంలో ఏదో రిసార్టు గుమ్మానికి, ఏదో హోటలు గోడకు ముస్తాబవుతాయి. చెన్నై దగ్గర ముత్తుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్రలో దక్షిణాది పాత ఇళ్లను విప్పి తెచ్చి నిలబెట్టారు. నల్లగొండ సీమ ఇక్కత్ నేతగాని ఇల్లు అందులో ఉంది. చూడ్డానికి టికెట్టు కొంటారు. మంచి మ్యూజియమే. కానీ నేతగాని ఇల్లు సముద్రపొడ్డున భద్రంగా ఉండి, నేతగాడు నాలుగో అంతస్తులో మగ్గం లేకుండా కూర్చుంటే భద్రమయింది ఏమిటి?

పెద్ద నగరాలు ఈ చిక్కును ఎలా విప్పాయో చూస్తే రెండు పాఠాలు దొరుకుతాయి. హైదరాబాదులో 1995లో నగరాభివృద్ధి సంస్థ హుడా నిబంధనల్లో పదమూడో నిబంధన చేర్చి, వారసత్వ భవనాల జాబితా తయారుచేశారు. రాళ్లగుట్టలనూ వారసత్వంగా గుర్తించడం అక్కడి గొప్ప. కొండలు కంకరగా మారుతున్న సీమ దాన్ని గుర్తుంచుకోవాలి. 2015లో ఆ నిబంధననే తీసేశారు. 2017లో తెలంగాణ కొత్త వారసత్వ చట్టం తెచ్చింది. 2019లో కొత్త శాసనసభ కోసం ఎర్రమంజిల్ అనే పాత భవనాన్ని పడగొట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు ఆపాల్సి వచ్చింది. జాబితా రాసినంత మాత్రాన ఇల్లు నిలవదు. జాబితాను ఒక్క జీవోతో చెరిపెయ్యొచ్చు అన్నది మొదటి పాఠం.

రెండోది అహ్మదాబాదుది. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరమయిన ఆ ఊళ్లో పాత పోళ్లు, అంటే ఒకే వాకిలి ఉన్న సందుల గుంపులు, జనం కాపురముంటున్న ఇళ్లే. అక్కడ పాత ఇంటి యజమానికి నగరపాలక సంస్థ ఒక హక్కు ఇస్తుంది. తన జాగా మీద లేపగలిగీ లేపకుండా వదిలేసిన అంతస్తులను కాగితంగా మార్చి, నగరంలో మరోచోట కట్టే బిల్డరుకు అమ్ముకోవచ్చు. ఆ డబ్బు ఇంటి మరమ్మతుకు వాడాలి. ఇంటిని పడగొట్టకుండా ఉన్నందుకు యజమాని చేతికి నగదు వస్తుంది. ఇందులో ఉన్న తెలివి అదే.

అదే మందు కోసిగికి పోస్తే పనిచెయ్యదు. అంతస్తుల హక్కు కొనాలంటే భూమికి ఆకలి ఉన్న మార్కెట్టు కావాలి. ఆదోనిలో పత్తి వ్యాపారం నడిచే వీధుల్లో దానికి కొంత విలువ ఉండొచ్చు. కోసిగిలో అదనపు అంతస్తు హక్కు ఎవరు కొంటారు? ఇక్కడ జనానికి ఉన్న పెట్టుబడి కూలి దినాలు, కావలసింది పని. కాబట్టి దారి కూడా ఇక్కడి వస్తువుతోనే వెయ్యాలి, మిద్దె కట్టినట్టు.

మొదటిది కాగితం. ఊరి నడుమ జాగా అంతా గ్రామకంఠం. తరాలుగా కాపురమున్నా చాలామందికి హక్కు పత్రం ఉండదు, బ్యాంకు అప్పివ్వదు. నలుగురు అన్నదమ్ముల మిద్దెకు నాలుగు వాటాలు, చౌడు పొయ్యడానికి ఒక్కరూ ముందుకు రారు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం డ్రోనుతో కొలిచి ఇలాంటి ఇళ్లకు యాజమాన్య కార్డు ఇవ్వడానికే. ఆ కార్డు చేతికొస్తే మరమ్మతుకు అప్పు పుడుతుంది, వాటాలు తేలతాయి, అమ్మేవాడు అమ్మగలడు. జాగా కోసం ఊరి బయట చెరువు పక్కకు పోకుండా, ఖాళీ మిద్దెలనే కొని ఇళ్లు లేనివాళ్లకు ఇచ్చే వీలు అప్పుడు పంచాయతీకి కలుగుతుంది. ఒకప్పుడు లోపలికి రానివ్వని వీధిలో వాళ్లకు ఇల్లు దొరకడం వేరే లెక్క కూడా తీరుస్తుంది.

రెండోది బిల్లు. కేంద్ర పల్లె గృహ పథకంలో ఇల్లు కట్టుకునేవాళ్లకు ఉపాధి హామీ కింద 90 పనిదినాల కూలిని జతచేశారు. కొత్త గోడకిచ్చిన ఆ దినాలను పాత గోడకూ ఇవ్వొచ్చు. పైమట్టి బరువు తగ్గించడం, గోడకు పొడుగు రాళ్లు దిగెయ్యడం, పుచ్చిన దూలం మార్చడం, వెనక మరుగుదొడ్డి కట్టడం: ఈ నాలుగు పనులు చేసిన మిద్దెను ఇంజనీరు చూసి పక్కా అని రాస్తే చాలు. నిలవని గోడను నిలవదని రాసి పడగొట్టించడం కూడా అందులో భాగమే. అన్నీ ఉంచాలనడం కూడా మూర్ఖత్వమే. నేతపేటల్లో నేల అంతస్తు నేతగానికే ఇవ్వాలి, గుంటకు నేల వదలాలి. ప్లానులో రెండు గీతలు మార్చే పని అది.

మూడోది పనివాళ్లు. బెంగళూరులో కడ్డీ కట్టడం నేర్చిన కుర్రవాడి చేతినీ, చౌడు గుణం తెలిసిన ముసలి మేస్త్రీ కంటినీ ఒకే మస్టరులోకి తేవాలి. సుగ్గికి పోని కుటుంబం ఒక్కటి పెరిగినా, అది మిద్దె నిలిచినందువల్ల వచ్చిన లాభమే.

వీటన్నిటికంటే ముందు తెలియాల్సింది ఏ వీధిలో ఎన్ని మిద్దెలున్నాయి, ఎన్నిటికి తాళం, ఏ దూలం పుచ్చింది, ఏ గోడ చీలింది అన్నది. దానికి హైదరాబాదు నుంచి ఎవరూ రానక్కర్లేదు. ఆదోనిలో, ఎమ్మిగనూరులో కాలేజీలున్నాయి. మంచి చౌడు ఏ వంక గట్టున దొరుకుతుందో, ఎన్ని బుట్టలు పడుతుందో చెప్పగలిగిన ముసలివాళ్లు కోసిగి చుట్టుపట్ల ఇంకా ఉన్నారు. వచ్చే వానలలోపు ఒక టేపు, ఒక నోటుపుస్తకం పట్టుకొని వాళ్ల వాకిట్లోకి పోవడానికి రెండు తరగతుల పిల్లలు చాలు. మొదటి వీధి కోసిగి స్టేషనుకు దగ్గర్లోదయితే మేలు. ఉగాదికి బండి దిగేవాళ్లు దారిలోనే తమ ఇంటి సంగతి చెప్పి పోతారు.